చెరువు గట్టు మీది పాఠం: ప్రాథమిక తరగతులలో ఆవరణ వ్యవస్థల క్షేత్ర బోధన

ఒక ప్రదేశంలోని ప్రాణులను, వాటికి ఆధారమైన నీరు, నేల, గాలి, ఎండ వంటి నిర్జీవ అంశాలను, ఈ రెంటి మధ్య ఎడతెగక సాగే ఇచ్చిపుచ్చుకోలును కలిపి ఒకటిగా చూసినప్పుడు దానిని ఆవరణ వ్యవస్థ అంటారు. పిల్లలను తరగతి గది నుంచి అటువంటి ప్రదేశానికి తీసుకువెళ్లి, అక్కడ వారు స్వయంగా చూసిన దాని నుంచే పాఠాన్ని రాబట్టే పద్ధతికి క్షేత్ర బోధన అని పేరు. ఎనిమిది నుంచి పదకొండేళ్ల వయసు పిల్లలకు ఈ విషయాన్ని బోధించడంలో ఉన్న చిక్కంతా ఒక్క చోటనే ఉంది: కొంగ, కప్ప, తామర అనేవి కంటికి కనిపించే వస్తువులు కాగా, ఆవరణ వ్యవస్థ అనేది ఆ వస్తువుల మధ్య ఉన్న సంబంధం; సంబంధాన్ని బొమ్మలో బాణం గుర్తుగా చూపవచ్చు గాని, బాణం గుర్తు చూసిన పిల్లవాడికి అది బాణం గుర్తుగానే మిగిలిపోతుంది. ఒకే చోటికి వేర్వేరు కాలాలలో మళ్లీ మళ్లీ వెళ్లినప్పుడు మాత్రమే ఒకటి మారితే మరొకటి ఎందుకు మారిందో పిల్లలకు పట్టుబడుతుంది. ఈ కారణం చేత ప్రాథమిక స్థాయిలో ఏడాదికొకసారి బస్సులో వెళ్లే దూరపు విహారయాత్ర కంటె బడికి నడిచివెళ్లే దూరంలోని ఊరి చెరువే మేలైన పాఠ్యస్థలం.

భావన పుట్టుక

ఈ శాస్త్ర భావన ఎదుగుదలలో బడిపంతుళ్లకు, చెరువులకు ఉన్న పాత్ర తగినంతగా ప్రచారంలో లేదు. ఉత్తర జర్మనీలోని కీల్ నగరంలో జంతుశాస్త్ర ఆచార్యుడైన కార్ల్ మోబియస్ సముద్రపు ఆల్చిప్పల తిప్పలను పరిశీలించి, అక్కడి జీవులన్నీ ఒకదానిపై ఒకటి ఆధారపడిన ఒక సముదాయమని 1877లో ప్రతిపాదించాడు. అదే నగరంలో ఉపాధ్యాయుడుగా ఉన్న ఫ్రీడ్రిక్ యుంగె ఆ ఆలోచనను అందిపుచ్చుకొని, ఆకుల ఆకారాలను, అవయవాల పేర్లను వల్లింపజేసే నాటి ప్రకృతి పాఠాలకు బదులుగా ఊరి చెరువును ఒక జీవ సముదాయంగా బోధించే విధానాన్ని రూపొందించి, 1885లో పుస్తకంగా ప్రకటించాడు. బాతు కాలి వేళ్ల మధ్య పొర ఎందుకున్నదో, అది తినే తిండికీ ఉండే చోటుకూ దాని శరీరానికీ పొత్తు ఏమిటో పిల్లలు గట్టు మీద నిలబడి చూసి తెలుసుకోవాలన్నది ఆయన పద్ధతిలోని సారం. రెండేళ్ల తరువాత, 1887లో, అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన స్టీఫెన్ ఫోర్బ్స్ సరస్సును తనలో తాను పూర్తిగా ఉన్న ఒక చిన్న లోకంగా వర్ణిస్తూ ప్రసిద్ధమైన వ్యాసం వెలువరించాడు. ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్థర్ టాన్స్‌లీ ఆవరణ వ్యవస్థ అనే మాటకు మూలమైన ‘ఎకోసిస్టమ్’ అన్న పదాన్ని అచ్చులో ప్రవేశపెట్టినది ఆ తరువాత చాలా కాలానికి, 1935లో. మిన్నెసోటాలోని ఒక చిన్న సరస్సును ఆధారం చేసుకొని రేమండ్ లిండెమన్ రాసిన వ్యాసం 1942లో, రచయిత ఇరవై ఆరేళ్ల వయసులోనే కన్నుమూసిన తరువాత వెలువడి, ఆహారపు గొలుసులో ఒక మెట్టు నుంచి మరొక మెట్టుకు శక్తి ఎలా తరిగిపోతుందో వివరించింది. శాస్త్రానికి మాట పుట్టడానికి యాభై ఏళ్ల ముందే ఒక బడిపంతులు ఆ భావాన్ని పిల్లలకు చెరువు దగ్గర చెప్పగలిగాడన్న వాస్తవం, ఈ విషయం చిన్న తరగతులకు మించినదన్న వాదానికి తగిన సమాధానం.

భారతదేశంలో పరిణామం

రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో శాంతినికేతనంలో స్థాపించిన బడిలో చెట్ల కింద తరగతులు నడిచాయి; 1937లో వార్ధా సమావేశంలో రూపుదిద్దుకున్న గాంధీజీ మౌలిక విద్యా పథకం చేతిపనిని, పరిసరాలను చదువుకు కేంద్రంగా నిలిపింది. పర్యావరణ విద్యను అన్ని స్థాయిలలో తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా వ్యాజ్యంలో 1991లో ఆదేశించింది. ప్రాథమిక స్థాయిలో సామాన్య, సాంఘిక శాస్త్రాలను విడదీయకుండా బోధించే పాఠ్యాంశం తెలుగు రాష్ట్రాలలో పరిసరాల విజ్ఞానం అన్న పేరుతో స్థిరపడింది. బడి బయటి జీవితంతో చదువును ముడివేయాలన్నది 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మొదటి సూత్రం కాగా, 2009 విద్యాహక్కు చట్టం కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్చుకోవడాన్ని పాఠ్యప్రణాళికకు ఒక ప్రమాణంగా పేర్కొన్నది. అంటే పిల్లలను బయటికి తీసుకువెళ్లే ఉపాధ్యాయుడు సిలబసును పక్కనపెట్టడం లేదు, చట్టం కోరిన పనినే చేస్తున్నాడు.

తెలుగు నేల మీద ఈ దిశగా జరిగిన కృషిలో మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ విద్యాసంస్థలది ప్రత్యేక స్థానం. వానలు తక్కువైన ఆ లోయలో దశాబ్దాల తరబడి చెట్లు పెంచి, కొండవాలులను పచ్చబరచి, పక్షులకు రక్షిత స్థలంగా మలచిన క్రమం పిల్లలకు నిత్యపాఠమైంది. ఆ సంస్థకు చెందిన గ్రామీణ విద్యాకేంద్రం, ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు కూర్చునే చిన్న బడుల కోసం చుట్టుపక్కల జీవితం నుంచే పాఠ్యపత్రాలు తయారుచేసింది.

చెరువు ఒక వ్యవస్థగా

తెలంగాణలో, రాయలసీమలో వాననీటిని ఆపి నిలపడానికి కాకతీయుల కాలానికి ముందు నుంచి కట్టుకుంటూ వచ్చిన చెరువులు, కుంటలు నేటికీ దాదాపు ప్రతి ఊరి అంచున ఉన్నాయి; తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకం పునరుద్ధరణకు గుర్తించినవే 46 వేలకు పైబడినవి. గట్టు లేదా కట్ట నీటిని ఆపుతుంది. తూము ద్వారా నీరు పొలాలకు దిగుతుంది. నిండిన తరువాత మిగులు నీరు పొర్లిపోయే చోటును అలుగు అనీ, తెలంగాణలో మత్తడి అనీ అంటారు. ఎండాకాలంలో బయటపడే చెరువు కడుపు భూమి శిఖం. నీరు వదలడం, ఆపడం చూసుకునే నీరటికి, వల వేసే జాలరికి ఈ చెరువు గురించి తెలిసినంత ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు కనుక, పర్యటన రోజున వారిలో ఒకరిని గట్టు మీదికి ఆహ్వానించడం మంచి ఉపాధ్యాయుడు విస్మరించని పని. నీరు ఏ దిక్కు నుంచి చేరుతుంది, ఏ ఏడు అలుగు పారింది, ఏ చేప ఎప్పుడు గుడ్లు పెడుతుంది అన్న ప్రశ్నలకు పెద్దలు చెప్పే జవాబులను పిల్లలు రాసుకొనడం క్షేత్ర బోధనలో అంతర్భాగం.

చెరువులో ఎండ శక్తిని ఆహారంగా మార్చేవి నాచు, తామర, కలువ, గట్టు పక్కన పెరిగే తుంగ, జమ్ము, నీటిలో తేలుతూ కంటికి కనిపించనంత సన్నగా ఉండే వృక్ష ప్లవకాలు. వీటిని ఉత్పత్తిదారులు అంటారు. వాటిని తినే నత్తలు, చిన్న పురుగులు, కొన్ని చేపలు, వీటిని తినే తూనీగ పిల్లలు, కప్పలు, కొర్రమీనులు, వాటిని వేటాడే కొంగలు, నీటిపాములు వినియోగదారులు. చచ్చిన ఆకును, జంతువును కుళ్లబెట్టి తిరిగి మట్టిలోకి చేర్చే సూక్ష్మజీవులు, శిలీంధ్రాలు విచ్ఛిన్నకారులు. ఈ మూడు మాటలను ముందుగా పలకపై రాసి కంఠస్థం చేయించి పర్యటనకు తీసుకువెళ్లే అలవాటు విస్తృతంగా ఉన్నది గాని, అది క్రమాన్ని తలకిందులు చేయడమే. ఎవరు ఎవరిని తిన్నారో గట్టు మీద చూసివచ్చిన పిల్లలకు పేరు అవసరమైన క్షణంలో పేరు చెబితే అది నిలుస్తుంది. ఆ విధంగానే బుడుబుంగ, నీటికాకి, లకుముకి, ఎండ్రకాయ వంటి ఊరి పేర్లతో మొదలుపెట్టి, పుస్తకపు పేర్లను ఆ తరువాత జతచేయడం సముచితం. పిల్లవాడు ఇంటి నుంచి తెచ్చుకున్న మాటలో ఆ ప్రాణి నడవడిక గురించిన తెలివి ఎంతో దాగి ఉంటుంది.

మూడు కాలాలు, మూడు పర్యటనలు

జూన్ నడుమ బడులు తెరిచే వేళకు తొలకరి పడుతుంది. మొదటి పర్యటనకు జూలై, ఆగస్టు నెలలు అనువైనవి. కొత్తనీరు చేరిన ఒడ్డున కప్ప గుడ్లు జిగురు ముద్దలుగా, గోదురుకప్ప గుడ్లు పొడవైన దారాలుగా కనిపిస్తాయి. కొద్దిపాటి గుడ్లను చెరువు నీటితో, నాచుతో సహా గాజు సీసాలో బడికి తెచ్చి, తోకకప్పలు కప్పలయ్యేదాకా చూసి తిరిగి అదే ఒడ్డున వదలడం ప్రాథమిక తరగతులలో చేయదగిన పరిశీలనలన్నిటిలోకి విలువైనదని చెప్పవచ్చు. చాలా జాతుల తోకకప్పలు నాచు గీరుకొని తింటాయి. కాళ్లు వచ్చి ఒడ్డెక్కిన కప్ప పురుగులను తింటుంది. ఒకే ప్రాణి కొన్ని వారాలలో ఆహారపు గొలుసులో ఒక మెట్టు నుంచి మరొక మెట్టుకు మారడం పిల్లల కళ్ల ముందే జరుగుతుంది. తూనీగ కథ దీనికి జోడీ: దాని పిల్లలు నీటి అడుగున ఉండి దోమ లార్వాలను, చిన్న పురుగులను పట్టి తింటాయి, రెక్కలు వచ్చాక గాలిలో దోమలను వేటాడుతాయి, చెరువులో తూనీగలు తగ్గితే ఊళ్లో దోమలకు అడ్డు తగ్గుతుందన్న సంగతిని నాలుగో తరగతి పిల్లలు తామే ఊహించగలుగుతారు.

రెండవ పర్యటన నవంబరు, డిసెంబరు నెలలలో, చెరువు నిండుగా ఉన్న కాలంలో జరగాలి. మధ్య ఆసియా నుంచి హిమాలయాలను దాటి వచ్చే పట్టెతల బాతులు, సూదితోక బాతులు పెద్ద చెరువులలో దిగే కాలమిది. చెరువు గట్టుతో ఆగిపోయే లోకం కాదని, దాని హద్దులు వేల కిలోమీటర్ల దూరం దాకా చాచుకొని ఉన్నాయని చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. చేపలను తినే పక్షులన్నీ ఒకే చోట ఎలా బతుకుతున్నాయన్న ప్రశ్న ఈ పర్యటనకు మూలాంశం కాదగినది. లకుముకి కొమ్మ మీద నుంచి దూకి పైపొరలోని చేపను ముక్కుతో పట్టుకుంటుంది. కొంగ మోకాలిలోతు నీటిలో కదలక నిలబడుతుంది. బుడుబుంగ, నీటికాకి మునిగి వెంటాడుతాయి. ముక్కు పొడవు, కాళ్ల పొడవు, వేట తీరు వేరు కావడం వల్ల ఒకే నీటిలో అందరికీ చోటు దొరకడాన్ని శాస్త్రజ్ఞులు జీవనస్థానాల పంపకంగా చెబుతారు. ఆ మాట ఐదో తరగతికి అవసరం లేదు. ఒక్కొక్క పక్షిని పది నిమిషాలు కదలకుండా చూసి, అది ఏమి చేసిందో వరుసగా రాయడం మాత్రం అవసరం. నీటికాకి రెక్కలు చాచి ఎండలో ఎందుకు కూర్చుంటుందని పిల్లలు తప్పక అడుగుతారు; దాని ఈకలు నీటిని పీల్చుకుంటాయి, అందువల్ల మునగడం సులువవుతుంది, ఆ తరువాత ఆరబెట్టుకోక తప్పదు.

నీటి తేటదనాన్ని కొలవడానికి తెల్లని పళ్లేనికి బరువు, దారం కట్టి నీటిలోకి దించి, ఏ లోతులో అది కనుమరుగవుతుందో చూడడం చాలు. ఇటలీకి చెందిన మతాచార్యుడు, ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆంజెలో సెక్కీ 1865లో మధ్యధరా సముద్రంలో ప్రయోగించిన ఈ పద్ధతిని సరస్సుల పరిశోధకులు నేటికీ వాడుతున్నారు. వానాకాలపు బురదనీటిలో, శీతకాలపు తేటనీటిలో, ఎండాకాలపు పచ్చనీటిలో ఈ లోతు ఎలా మారిందో పోల్చితే, వెలుతురు అందే మేరకే నీటి మొక్కలు పెరుగుతాయన్న నియమం అంకెల రూపంలో కనిపిస్తుంది. ఇది పెద్దలు పడవ మీద నుంచి గాని, నీటిలోకి చొచ్చిన తూము అరుగు మీద నుంచి గాని చేయవలసిన కొలత. పిల్లలు దారంపై ముడులను లెక్కిస్తారు.

మూడవ పర్యటనను ఉపాధ్యాయులు తరచుగా వదిలివేస్తారు, ఎందుకంటే మార్చి నాటికి చెరువు ఎండి, చూడడానికి ఏమీ లేదన్న అభిప్రాయం కలుగుతుంది. నిజానికి ఆవరణ వ్యవస్థ గురించి అన్నిటికంటె ఎక్కువ చెప్పేది ఈ ఎండిన చెరువే. మిగిలిన మడుగులో చేపలు కిక్కిరిసి, వాటి కోసం కొంగలు గుంపుగా చేరతాయి. నీరు తగ్గినది కాబట్టి తిండి పెరిగినది, ఆ పెరుగుదల కొద్దిరోజులదే. నెర్రెలు విచ్చిన మట్టిలో నత్తలు తమ మూత బిగించుకొని వానల దాకా నిద్రాణంగా ఉంటాయి. గాలిని నేరుగా పీల్చగల కొర్రమీను బురదలో చాలాకాలం నిలుస్తుంది. శిఖంలో పశువులు మేసి వేసిన పేడ వచ్చే వానతో నీటిలో కలుస్తుంది. రైతులు తవ్వి తోలుకుపోయిన పూడికమట్టి పొలానికి ఎరువవుతుంది. పొలం మట్టి వానతో చెరువులోకి, చెరువు మట్టి బండితో పొలంలోకి చేరే ఈ రాకపోకలు, పోషకాల చక్రం అన్న కఠినమైన భావనకు ఊరిలోనే ఉన్న నిదర్శనం. మడుగు అంచున బురదను పొడవాటి కర్రతో కదిలిస్తే లేచే బుడగలు గాలి అందని చోట ఆకులు కుళ్లడం వల్ల పుట్టిన వాయువు, అందులో ముఖ్యమైనది మీథేన్. అలెస్సాండ్రో వోల్టా 1776లో ఉత్తర ఇటలీలోని ఒక సరస్సు అంచున ఇటువంటి బుడగలనే సీసాలో పట్టి పరీక్షించాడు.

దూరం, కొత్తదనం

క్షేత్ర పర్యటనల మీద జరిగిన పరిశోధనలో జాన్ ఫాక్, ఆయన సహచరులు అమెరికాలో 1978లో ప్రకటించిన అధ్యయనం ప్రాథమికమైనది. పూర్తిగా అపరిచితమైన చోటుకు తీసుకువెళ్లిన పిల్లల దృష్టి ఆ చోటుకు అలవాటు పడడంలోనే ఖర్చయిపోయి, నేర్పదలచిన అంశం వెనుకబడుతుందని, పరిచయమున్న పిల్లలు దానిని మెరుగ్గా నేర్చుకుంటారని అది చూపింది. ఇజ్రాయెల్‌కు చెందిన నిర్ ఓరియన్, అవి హాఫ్‌స్టైన్ 1994లో ఈ ఆలోచనను విస్తరించి, కొత్తదనానికి మూడు పార్శ్వాలున్నాయన్నారు: విషయం కొత్త, చోటు కొత్త, అక్కడ గడపబోయే రోజు ఎలా ఉంటుందో తెలియకపోవడం. ఎక్కడికి వెళుతున్నాము, ఎంతసేపు నడవాలి, అన్నం ఎక్కడ, మంచినీళ్లు ఎవరి దగ్గర అన్న సంగతులు ముందురోజే చెప్పి, వాడబోయే పరికరాలను తరగతిలోనే చేతికిచ్చి అలవాటు చేయడం ఎందుకు ముఖ్యమో దీనివల్ల తెలుస్తుంది.

దూరపు ప్రదేశాలు వద్దని దీని అర్థం కాదు. తిరుపతి జిల్లాలోని నేలపట్టులో చెరువు నీటిలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులలో ఉప్పునీటిలో బతికే చెట్ల గాలివేళ్లు కనబడతాయి. తమిళనాడులోని వేడంతాంగల్ రైతులు పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు బలమని గుర్తించి, 1798లోనే అప్పటి కలెక్టరు నుంచి పక్షుల రక్షణకు ఉత్తర్వు పొందారు. సొంత చెరువును ఏడాది పాటు చూసిన పిల్లలు ఇటువంటి చోట్లకు వెళితే పోల్చి చూడడానికి వారి దగ్గర ఒక ప్రమాణం ఉంటుంది. ఆ ప్రమాణం లేకుండా వెళ్లినవారికి పక్షుల గుంపు ఒక వేడుకగానే జ్ఞాపకముంటుంది.

పిల్లల ఊహలు, వాటి సవరణ

1990వ దశకంలో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 5 నుంచి 16 ఏళ్ల పిల్లలకు ఆవరణ వ్యవస్థల గురించి ఉన్న ఊహలను సేకరించారు. ఈ రకమైన పరిశోధనలలో పదేపదే బయటపడే పొరపాట్లు కొన్ని ఉన్నాయి: మొక్క తన ఆహారమంతా మట్టి నుంచి తీసుకుంటుందని, కుళ్లిపోవడం ఏ ప్రాణి ప్రమేయమూ లేకుండా తనంత తానే జరుగుతుందని, ఒక జీవి నశిస్తే దానిని నేరుగా తినేవాటికి తప్ప ఇతరులకు నష్టం లేదని. మూడవది అన్నిటికంటె మొండిది. దానిని కదిలించడానికి, తిరిగివచ్చిన మరునాడు పిల్లలను గుండ్రంగా నిలిపి, చూసివచ్చిన ప్రాణుల పేర్లు ఒక్కొక్కరికి ఇచ్చి, తిండి సంబంధం ఉన్నవారి మధ్య దారపు ఉండ విసిరిస్తూ వల అల్లే ఆట ఉపయోగపడుతుంది. అమెరికన్ రచయిత జోసెఫ్ కార్నెల్ 1979 నాటి పుస్తకం ద్వారా దీనికి విస్తృత ప్రచారం వచ్చింది. ‘నాచు’ దారాన్ని లాగినప్పుడు ఆ లాగుడు ‘కొంగ’ చేతికి కూడా తెలియడమే ఇందులోని పాఠం. కుళ్లడం గురించిన ఊహకు వేరే మార్గం కావాలి: ఒకే చెట్టు ఆకులను కొన్నిటిని తడిమట్టిలో, కొన్నిటిని పొడి ఇసుకలో పూడ్చి, నెలకొకసారి తీసి చూస్తే తేడా తెలుస్తుంది.

గుర్రపుడెక్క కమ్మిన చెరువులు సమీపంలో ఉంటే అది ప్రత్యేకంగా బోధించదగిన అంశం. దక్షిణ అమెరికాకు చెందిన ఈ మొక్క నీటిపై చాపలా పరచుకొని వెలుతురును ఆపుతుంది, అడుగున నాచు చస్తుంది, కుళ్లే క్రమంలో నీటిలో కరిగిన ఆక్సిజన్ తరిగి చేపలకు ఊపిరి ఆడదు. మురుగు కలిసిన చెరువులలో పోషకాలు ఎక్కువై అది మరింత దట్టంగా పెరుగుతుంది కాబట్టి, ఊరి మురుగు ఎటు పోతున్నదన్న ప్రశ్న కూడా ఇక్కడే పుడుతుంది.

జాగ్రత్తలు

నీటి దగ్గరి బోధనలో మొదటి నియమం పిల్లలు నీటిలో దిగకపోవడం. పొడవాటి కర్రకు కట్టిన వలతో, జల్లెడతో తీసిన నీటిని తెల్లని పళ్లెంలో పోసి, భూతద్దంతో ఒడ్డుకు ఎడంగా కూర్చుని చూడాలి. పాకుడు పట్టిన అలుగు రాళ్లు, నీరు వేగంగా లాగే తూము, యంత్రాలతో మట్టి తవ్వగా ఏర్పడి పైకి మామూలు నీళ్లలా కనిపించే లోతు గుంతలు మూడూ ప్రాణాంతకమైనవి. ఉపాధ్యాయుడు ఒకరోజు ముందు ఒంటరిగా వెళ్లి, ఊరివారిని అడిగి వీటిని గుర్తించి, పిల్లలు నిలబడే మేరకు తాడు కట్టి రావలసి ఉంటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరు బడిలో మిగిలితే గట్టు మీద ఒక్కరే ఉంటారు కాబట్టి, తల్లిదండ్రులలో ఇద్దరు ముగ్గురు వెంట రావడాన్ని సౌకర్యంగా కాక షరతుగా పరిగణించాలి. గూళ్లను, పక్షి గుడ్లను తాకరాదు. పరిశీలన కోసం తీసిన ప్రతి ప్రాణిని తీసిన చోటనే విడవాలి.

చెరువు అందుబాటులో లేని పట్టణపు బడులకు ఒక చెట్టే సరిపోతుంది. వేమన పద్యం వల్ల తెలుగు పిల్లలందరికీ తెలిసిన మేడిపండు ఇందుకు తగినది: పండు కడుపులోని చిన్న కందిరీగల వంటి కీటకాలే ఆ చెట్టు పువ్వులకు పరాగసంపర్కం చేసేవి, ఆ పువ్వులన్నీ కాయ లోపలే దాగి ఉంటాయి, కీటకం లేక చెట్టుకు విత్తనం లేదు, చెట్టు లేక కీటకానికి ఇల్లు లేదు. పండ్ల కోసం వచ్చే గబ్బిలాలు, గోరువంకలు, ఉడుతలు, రాలిన పండ్లను మోసుకుపోయే చీమలు కలిస్తే ఒక సంవత్సరానికి సరిపడిన పరిశీలన సిద్ధమవుతుంది.

ఇటువంటి పరిశీలనలను తరగతి మారినా బడిలోనే ఉండిపోయే ఒకే నోటుపుస్తకంలో, తేదీతో సహా రాయించడం అవసరం. అలుగు పారిన రోజు, మొదటి తోకకప్ప కనిపించిన రోజు, వలస బాతులు దిగిన రోజు, పళ్లెం కనుమరుగైన లోతు అందులో చేరుతూ పోతే, ఈ ఏడు మూడో తరగతిలో చేరిన పిల్లలు ఐదో తరగతి ముగించేనాటికి మూడు సంవత్సరాల చెరువును పక్కపక్కన పెట్టి చూడగలుగుతారు.